గొడవలు లేని ఆ ఐదు వారాలు: కొత్త టీమ్‌తో నా ఆరు నెలల అనుభవం

జులై 4న మా టీమ్ ఆఖరి మీటింగ్ అయిపోయింది. మొదలైంది జనవరి 6న. అంటే సరిగ్గా 26 వారాలు. మూడు వేర్వేరు విభాగాల నుంచి ఆరుగురిని తెచ్చి, వాళ్లకు నన్ను జతచేసి, పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సుమారు 38 వేల ఖాతాదారుల రికార్డులను నాలుగు విడతల్లో కొత్తదానిలోకి మార్చమన్నారు. టీమ్‌ను నడపడం నాకు ఇదే మొదటిసారి. జ్ఞాపకాలు తాజాగా ఉండగానే రాసిపెడుతున్నాను. ఇలాంటి బాధ్యత కొత్తగా మీద పడ్డవాళ్లకు ఏ వారంలో ఏం జరుగుతుందో కాస్త ముందే తెలిస్తే, నేను నిద్రపోని రాత్రుల్లో కొన్నైనా వాళ్లకు తప్పుతాయి.

మొదటి రోజు మీటింగ్ గంటన్నర సాగింది. పని ఏమిటో, గడువులు ఏమిటో, ఎవరి భాగం ఏదో అన్నీ చెప్పాను. చివర్లో "ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగితే ఆరుగురూ తల అడ్డంగా ఊపారు. అందరికీ అర్థమైంది, అందరూ ఒప్పుకున్నారు అనుకుని తేలికపడ్డాను.

అసలు ప్రశ్నలు ఆ సాయంత్రం నుంచి ఒక్కొక్కరి దగ్గర నుంచి విడివిడిగా మెసేజ్‌లలో వచ్చాయి. "సెలవు కావాలంటే మిమ్మల్ని అడగాలా, మా పాత మేనేజర్‌ని అడగాలా?" "ఈ టీమ్‌లో ఎన్నాళ్లుంటాం?" "అప్రైజల్ ఎవరు రాస్తారు?" దాదాపు అందరివీ ఈ మూడే. పని గురించి ఒక్కరూ అడగలేదు. నాకు ఆశ్చర్యం వేసింది, కొంచెం చిరాకు కూడా కలిగింది. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లడిగింది న్యాయమే. తన కాలు ఎక్కడ మోపాలో తెలియని మనిషి పని మీద మనసు ఎలా పెడతాడు? చిక్కేమిటంటే, ఆ మూడింటికీ నా దగ్గర కూడా జవాబు లేదు. పైవాళ్లను అడిగితే రాతపూర్వకంగా జవాబు వచ్చేసరికి జనవరి 22 అయింది. ఆ 16 రోజులూ ప్రతి చిన్న మెయిల్‌కూ ప్రతి ఒక్కరూ తమ పాత మేనేజర్‌కి కాపీ పెడుతూనే ఉన్నారు. టీమ్‌లో చేరిపోయారని నేను అనుకుంటున్నాను కానీ, వాళ్ల ఒక కాలు ఇంకా పాత విభాగంలోనే ఉంది.

రెండో వారంలో ఇదివరకు చాలా టీమ్‌లను నడిపిన ఒక సీనియర్‌తో మాట్లాడాను. ఆవిడే టక్‌మన్ దశల గురించి చెప్పారు. బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అప్పటికే అచ్చయిన 50 వరకూ అధ్యయనాలను పరిశీలించి, చిన్న బృందాలు నాలుగు దశల్లో ఎదుగుతాయని 1965లో రాశారట. ముందు కలుసుకోవడం, తర్వాత ఘర్షణ, తర్వాత ఒక పద్ధతికి రావడం, ఆ తర్వాతే పని జోరందుకోవడం. 1977లో మేరీ ఆన్ జెన్సన్‌తో కలిసి ఐదోది చేర్చారు, అది విడిపోవడం. వెంటనే నా క్యాలెండర్ తీసి ఒక్కో దశకు రెండేసి వారాలు గీతలు గీసేశాను. ఏ దశ ఎంతకాలం ఉంటుందో ఆయన ఎక్కడా లెక్క కట్టలేదు. ఆయన చూసిన వాటిలో ఎక్కువ భాగం ఆఫీసు టీమ్‌లు కూడా కావు, మానసిక చికిత్స కోసం కలిసి కూర్చునే బృందాలు. ఈ సంగతి నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. గీతలు గీసే ముందే చదవాల్సింది.

మూడో, నాలుగో, ఐదో వారాలు ప్రశాంతంగా గడిచాయి. మీటింగులు అనుకున్న టైమ్ కంటే ముందే ముగిసేవి. ఏం చెప్పినా "ఓకే మేడమ్". ఎప్పుడూ అదే ఇద్దరు మాట్లాడేవాళ్లు, మిగతా నలుగురూ రాసుకునేవాళ్లు. మంచి టీమ్ దొరికింది, ఆ ఘర్షణ దశ ఏదో మాకు రాకుండానే దాటిపోతాం అని లోపల సంబరపడ్డాను.

కనిపించాల్సినవి అప్పుడే కనిపిస్తూ ఉన్నాయి, నేనే గుర్తుపట్టలేదు. ఐదో వారంలో నాకు వచ్చిన మెసేజ్‌లు మొన్న వెనక్కి వెళ్లి లెక్కపెట్టాను. మొత్తం 61. వాటిలో 43 టీమ్‌లోనే ఇంకొకరిని అడగాల్సినవి. పక్క సీటులో కూర్చున్న మనిషిని అడగాల్సిన మాట నా ద్వారా తిరిగి వెళ్లేది. నాకేమో అందరికీ నా అవసరం ఉందని తృప్తిగా ఉండేది.

ఫిబ్రవరి 12, బుధవారం. ఉదయం 11 గంటల మీటింగ్. పని ఎంతవరకు వచ్చిందో మేం నమోదు చేసుకునే షీట్‌లో, మొదటి విడతలోని 9,400 రికార్డుల ఎదుట "పూర్తయింది" అని ఉంది. మా టెస్టింగ్ చూసే ఆయన, టీమ్‌లో అందరికంటే పెద్దాయన, షీట్ మూసేసి అన్నారు: "ఇందులో నేను చూసినవి రెండు వేలు కూడా లేవు. ఎవరు రాశారు పూర్తయిందని?"

డేటా చూసే అమ్మాయి ముఖం ఎర్రబడింది. "నేనే రాశాను సార్. నా పని పూర్తయింది కాబట్టి రాశాను."

"నీ పని పూర్తయితే రికార్డు పూర్తయినట్టేనా అమ్మా? రేపు తప్పు బయటపడితే అడిగేది నన్ను."

"అంటే నేను అబద్ధం రాశానా?"

ఖాతాదారుల విభాగం నుంచి వచ్చినావిడ మధ్యలో అందుకున్నారు. అసలు తమ వాళ్లు చూసి సరే అనేదాకా ఏదీ పూర్తయినట్టు కాదనీ, మొదటి రోజే ఈ మాట చెబుదామనుకుని ఊరుకున్నాననీ అన్నారు. ముగ్గురి గొంతులూ పెరిగాయి. నా గుండె దడదడలాడింది. నోటికి వచ్చిన మొదటి మాట అనేశాను. "ఇప్పుడు వద్దు, ఇది తర్వాత మాట్లాడుకుందాం."

ఆరు నెలల్లో నేను చేసిన పెద్ద తప్పు ఆ ఒక్క వాక్యం. ఆ "తర్వాత" 12 రోజుల దాకా రాలేదు. గది చల్లబడింది కదా అని నేను ఊరుకున్నాను. గొడవ మాత్రం చల్లారలేదు, గది బయటికి పోయింది. ఇద్దరు తమ పాత మేనేజర్ల దగ్గరికి వెళ్లి చెప్పుకున్నారు. వాళ్లలో ఒకరు వెనక్కి పంపేయమని అడిగారు కూడా. ఆ సంగతి నాకు మూడో మనిషి ద్వారా తెలిసింది. ఫిబ్రవరి 21న ఇవ్వాల్సిన మొదటి విడత మార్చి 14న ఇచ్చాం, మూడు వారాలు ఆలస్యం. ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రం అయిందంటే కడుపులో తిప్పేది. నాలో లోపం ఉండబట్టే వీళ్లు కొట్టుకుంటున్నారు, ఇంకెవరైనా అయితే ఇలా జరిగేది కాదు అనుకుంటూ రాత్రి రెండింటిదాకా మేలుకునే ఉండేదాన్ని.

ఆ సీనియర్‌కి ఫోన్ చేసి ఇదంతా చెబితే ఆవిడ ఒకటే అడిగారు. "వాళ్లు దేని మీద గొడవ పడ్డారు?" చెప్పాను. "అయితే అది నిజమైన ప్రశ్నే కదా. దానికి జవాబేదీ?" అన్నారు. అప్పటిదాకా నేను వాళ్ల గొంతులే విన్నాను, ప్రశ్న వినలేదు.

ఫిబ్రవరి 24 నుంచి మూడు రోజులు ఆరుగురితో విడివిడిగా కూర్చున్నాను, ఒక్కొక్కరితో 45 నిమిషాలు. రెండే అడిగాను: ఇక్కడ మీకు ఏది అడ్డొస్తోంది? నేను చేసేవాటిలో ఏది ఆపాలి? మొదటి ప్రశ్నకు ఎదుటివాళ్ల పేర్లు చెబుతారనుకున్నాను. ఆరుగురిలో నలుగురు చెప్పింది నా గురించే. "మీరు ఏదీ తేల్చరు మేడమ్. అందరూ కలిసి అనుకోండి అంటారు, ఆఖరికి ఎవరు చెప్పింది ఖాయమో తెలియదు." వినడం కష్టమైంది. అడ్డుపడి వివరణ ఇవ్వకుండా ఉండటం అంతకన్నా కష్టమైంది. టెస్టింగ్ ఆయన మాత్రం వేరే సంగతి చెప్పారు. ఇదివరకు ఒక పనిలో, తాను చూడనివి చూసినట్టు షీట్‌లో నమోదై, తప్పు తన మీద పడిందట. "అప్పట్నుంచి ఆ మాట కనిపిస్తేనే ఒళ్లు మండుతుంది" అన్నారు. ఆ రోజు ఆయన కోపం ఆ అమ్మాయి మీద కాదు.

ఫిబ్రవరి 28న నాలుగు గంటల మీటింగ్ పెట్టాను. ఏడుగురం, నాలుగేసి గంటలు, మొత్తం 28 పనిగంటలు. గడువు నెత్తిన ఉండగా ఇంత టైమ్ మాటలకు పోగొట్టడమా అని పైవాళ్లు అడిగారు. మొదటి విడతను మళ్లీ చేసుకోవడానికి పోయిన మూడు వారాలతో పోలిస్తే అది చాలా చవక. ఆ లెక్క అప్పటికి నా చేతిలో లేదు, భయపడుతూనే పెట్టాను.

బోర్డు మీద పైన "పూర్తయింది అంటే ఏమిటి?" అని రాసి, ముగ్గురికీ తలో మార్కర్ ఇచ్చాను. మాట్లాడకుండా రాయమన్నాను. ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో "పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి వచ్చింది" అని రాసింది. టెస్టింగ్ ఆయన "రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను, తేడా లేదు" అని రాశారు. ఖాతాదారుల విభాగం ఆవిడ "మావాళ్లు వాడి చూసి సరే అన్నారు" అని రాశారు. ముగ్గురూ వెనక్కి వచ్చి బోర్డు వైపు చూస్తూ నిలబడ్డారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూడూ నిజమే. మూడింటికీ కలిపి షీట్‌లో ఒకటే గడి ఉంది. ఆ షీట్ తయారుచేసింది నేను.

"నేను నిన్ను అబద్ధం అనలేదమ్మా" అన్నారాయన. ఆ అమ్మాయి "తెలుసు సార్, ఇప్పుడు తెలిసింది" అంది. అంతకుమించి క్షమాపణలూ కౌగిలింతలూ ఏమీ జరగలేదు. ఒక గడిని మూడు చేశాం: "మార్చాం", "సరిచూశాం", "ఒప్పుకున్నారు". ఒక్కోదాని కింద ఒక్కొక్కరి పేరు. మిగిలిన సమయమంతా ఎవరు ఏది సొంతంగా తేల్చవచ్చు, ఏది ఇద్దరు కలిసి తేల్చాలి, ఏది నా దగ్గరికి రావాలి అనే దాని మీదే గడిపాం. రెండు విషయాల్లో ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ రెండూ నేనే తేల్చి, కారణం చెప్పాను. ఒకరికి నచ్చలేదు. అయినా గదిలో ఊపిరి తేలికపడినట్టు నాకు తెలిసింది.

గొడవలు ఆ రోజుతో ఆగాయా అంటే, లేదు. మార్చి మధ్యదాకా వస్తూనే ఉన్నాయి. కాకపోతే "ఎవరు రాశారు?" అన్నచోట "ఏది సరైంది?" అనడం మొదలైంది. ఆ తేడా వినిపించిన రోజున మొదటిసారి ఇంటికి ప్రశాంతంగా వెళ్లాను.

మార్చి 17 నుంచి రోజూ 10:15కి నిలబడే 15 నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం. నా ద్వారా తిరిగే ప్రశ్నలకు "ఆయన్నే అడగండి" అని మాత్రమే జవాబివ్వడం అలవాటు చేసుకున్నాను. మొదటి రెండు వారాలూ అది నాకే ఇబ్బంది. జవాబు తెలిసి ఉండి కూడా చెప్పకపోవడం మొండితనంలా అనిపించేది. ఇంక నేను దేనికి పనికొస్తాను అన్న దిగులూ ఉండేది. మార్చి నెలాఖరుకు వారానికి 61 మెసేజ్‌లు 22కి దిగాయి.

ఈ దశలో ఒక ప్రమాదం ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. బాగా గొడవలు పడి కుదుటపడ్డవాళ్లు మళ్లీ గొడవ వస్తుందేమోనని మాట మింగేస్తారు. మార్చి 27న రెండో విడతలో ఫోన్ నంబర్లు విడిగా సరిచూడటం అనవసరమని ఒక ప్రతిపాదన వచ్చింది. అందరూ సరే అన్నారు, రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఏప్రిల్ 2న చూస్తే 700కు పైగా నంబర్లలో ముందున్న సున్నా ఎగిరిపోయింది. షీట్ ఆ గడిని మామూలు అంకె అనుకుంటే ముందున్న సున్నాను తీసేస్తుంది. ఇద్దరికి ఇది ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదంటే అందరిలోకీ చిన్నవాడు నెమ్మదిగా అన్నాడు, "ఇప్పుడిప్పుడే బాగుంటున్నాం కదా మేడమ్, మళ్లీ ఎందుకులే అనుకున్నాను."

అతన్ని ఏమీ అనలేకపోయాను. ఫిబ్రవరిలో "ఇప్పుడు వద్దు" అని వాళ్లకు నేర్పింది నేనే కదా. అప్పట్నుంచి ప్రతి నిర్ణయానికీ ముందు ఒకరికి అభ్యంతరం చెప్పే వంతు పెట్టాం. ఆ రోజు వంతు వచ్చినవాళ్లు ఒప్పుకున్నా సరే, తప్పు జరగడానికి ఉన్న ఒక కారణమైనా వెతికి చెప్పాలి. వంతు కాబట్టి ఎవరూ మనసుకు తీసుకునేవాళ్లు కాదు. మేం పెట్టుకున్న పద్ధతులన్నిటిలోకీ ఎక్కువ పనిచేసింది ఇదే.

ఏప్రిల్ 4తో 13 వారాలు, అంటే సగం టైమ్ అయిపోయింది. నాలుగు విడతల్లో ఇచ్చింది ఒక్కటే, రెండోది మరమ్మతులో ఉంది. ఆ శుక్రవారం గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి నిజంగా భయపడ్డాను. చిత్రంగా, సోమవారం ఉదయం నేను ఏమీ అనకముందే వాళ్లే కూర్చుని మూడో విడత పనిని కొత్తగా పంచుకుంటున్నారు. కోనీ గెర్సిక్ అనే పరిశోధకురాలు 1988లో ఇదే విషయం రాశారని తర్వాత చదివాను. ఎనిమిది బృందాలను మొదటి నుంచి చివరిదాకా గమనిస్తే, అవి మెట్టు మెట్టుగా ఎదగలేదట. ఉన్న సమయంలో సగం గడిచేసరికి ఒక్కసారిగా దారి మార్చుకున్నాయట. మా విషయంలో టక్‌మన్ చెప్పిందీ, గెర్సిక్ చెప్పిందీ రెండూ నిజమనిపించాయి. గొడవ పడి తేల్చుకోకుండా ఉంటే సగం టైమ్ అయిపోయిందన్న భయం మమ్మల్ని ఇంకా విడగొట్టేదేమో.

రెండో విడత ఏప్రిల్ 11న ఇచ్చాం. మూడోది ఏప్రిల్ 14న మొదలుపెట్టి మే 2కల్లా, 15 పనిదినాల్లో ముగించాం. మొదటిదానికి పది వారాలు పట్టింది.

మధ్యలో ఏప్రిల్ 22 నుంచి నాలుగు రోజులు జ్వరంతో రాలేదు. ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నాను, ఒక్క కాల్ రాలేదు. సోమవారం వెళ్లి షీట్ తెరిస్తే నిర్ణయాల పేజీలో నేను లేనప్పుడు తేల్చినవి మూడున్నాయి. ప్రతిదాని పక్కనా కారణం, అభ్యంతరం చెప్పినవాళ్ల పేరు రాసి ఉంది. మూడోదాని పక్కన టెస్టింగ్ ఆయన ఇలా రాశారు: "మేడమ్‌ని లేపాల్సినంత పని కాదు. సోమవారం చూస్తారు." రెండుసార్లు చదువుకున్నాను. కళ్లు చెమర్చాయి. సంతోషమే ఎక్కువ, కానీ నేను లేకపోయినా ఏదీ ఆగలేదే అన్న చిన్న నొప్పి కూడా ఉంది. అది ఉంటుందని ముందే తెలిసుంటే బాగుండేది.

మే 5న ఖాతాదారుల విభాగం ఆవిడను వెనక్కి పిలిపించుకున్నారు, ఆవిడ స్థానంలో కొత్తగా ఒకతను వచ్చాడు. పోయింది ఒక్కరే, వచ్చింది ఒక్కరే. అయినా టీమ్ మళ్లీ మొదటికి వచ్చింది. మేం మాకు మాత్రమే అర్థమయ్యే పొట్టి మాటల్లో మాట్లాడుకుంటుంటే అతను తల ఊపుతూ కూర్చునేవాడు. జనవరి 6న ఆరుగురు ఊపిన తల అదే. ఈసారి గుర్తుపట్టాను. సెలవు ఎవరిని అడగాలి, ఎన్నాళ్లుంటాడు, అప్రైజల్ ఎవరిది అనే మూడింటికీ అతను అడగకముందే మొదటి రోజే జవాబిచ్చాను. షీట్‌లో మూడు గడులు ఎందుకున్నాయో ఆ అమ్మాయినే చెప్పమన్నాను. గొడవతో సహా దాచకుండా చెప్పింది. అయినా అతను కుదురుకోవడానికి రెండు వారాలు పట్టింది. మే 20న అభ్యంతరం వంతు అతనిది. "మూసేసిన ఖాతాలను కూడా ఎందుకు మారుస్తున్నాం?" అని అడిగాడు. నాలుగున్నర నెలలుగా మాలో ఎవరికీ తట్టలేదు. కనుక్కుంటే ఆఖరి విడతలో 1,100 మార్చాల్సిన అవసరమే లేదని తేలింది.

జూన్ 25న ఆఖరి విడత ముగిసింది, 27న అప్పగించాం. అందరూ సంబరంగా ఉంటారనుకున్నాను. జూన్ రెండో వారం నుంచే ముభావంగా అయిపోయారు. ఆఖరి నివేదికలో పేర్లు ఏ వరసలో ఉండాలనే దాని మీద, ఫిబ్రవరి తర్వాత ఎన్నడూ లేనంత గట్టిగా వాదించుకున్నారు. తర్వాత ఎక్కడికి పంపుతారో తెలియని భయం అలా బయటపడిందని నా నమ్మకం. జూన్ 2నే ఆ సంగతి తేల్చమని పైకి రాశాను. ఐదుగురి గురించి జవాబు రావడానికి 18 రోజులు పట్టింది. ఆరో మనిషికి, అందరిలోకీ చిన్నవాడికి, జులై 2న గానీ తెలియలేదు. ఆ పన్నెండు రోజులూ అతని ముఖం చూడలేకపోయాను. మళ్లీ ఇలాంటి పని చేయాల్సివస్తే ఆ ఉత్తరం సగం టైమ్ గడవగానే, ఏప్రిల్‌లోనే రాస్తాను.

ఒక్కరి విషయంలో మాత్రం మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. మా డెవలపర్ ఈ 26 వారాల్లో ఏ దశలోనూ నిజంగా మాలో కలవలేదు. పని చక్కగా చేశాడు, వంతు వస్తే అభ్యంతరమూ చెప్పాడు, వంతు లేని రోజు నోరు విప్పలేదు. ఫిబ్రవరిలో ఆ 45 నిమిషాల తర్వాత అతనితో ఇంకోసారి కూర్చోవాల్సింది. గొంతు పెంచినవాళ్ల చుట్టూనే తిరిగి, అతన్ని వదిలేశాను. జులై 4న వెళ్లేముందు అతనికి ఆ మాట చెప్పాను. "పర్లేదు మేడమ్" అన్నాడు.

మొన్న టెస్టింగ్ ఆయన కొత్త టీమ్ నుంచి ఒక షీట్ ఫొటో పంపారు. కింద ఇలా రాశారు: "ఇక్కడ కూడా పూర్తయింది అని ఒకటే గడి ఉంది మేడమ్. రేపటి మీటింగ్‌లో అడుగుతాను."